సలోమి పేరున ఒక మునక

గుమ్మఘట్ట,
మే 12, 1961.

తమ్ముడు ప్రకాశానికి అక్క మారెక్క రాసేది. నీకూ, మరదలు రూతమ్మకూ ప్రభువు తోడుండాలి.

చెప్పాపెట్టకుండా మూట కట్టుకుని పోయావు. తెల్లవారి పాలు తీసుకుని వస్తే మీ గుడిసె తలుపు తీసి ఉంది, లోపల కోడి తిరుగుతోంది. పోయేవాడివి ఈ అక్కతో ఒక్క మాట చెప్పి పోతే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

మీ బావ కుళ్ళాయప్ప సభలో పెద్ద. సొంత బావమరిదే సభ విడిచి పోతే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఆదివారం దీర్ఘదర్శి అయ్యగారు అందరి ముందు నీ పేరు ఎత్తి, “ఆ కొమ్మ తనంతట తానే విరిగింది, మనం విరచలేదు” అన్నారు. మీ బావ తల వంచుకుని నిలబడ్డారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మనం ఈ సభలోకి ఎందుకు వచ్చామో అంతలోనే మరిచిపోయావా? నాలుగేళ్ళ కిందట నీ బిడ్డ నెలల గుడ్డుగా పోయినప్పుడు మిషన్ గుడివాళ్ళు ఏం చేశారు? పాస్టరు అయ్యగారు ఊళ్ళు తిరుక్కుంటూ వచ్చేదాకా బాప్తిస్మం ఇచ్చే దిక్కు లేదు. ఆయన వచ్చే లోపల బిడ్డ పోయింది. బాప్తిస్మం లేని బిడ్డ అని ఊరి గుడి చూసుకునే ఉపదేశి సమాధుల తోట గోడకు బయట పూడ్పించాడు. అయ్యగారు వచ్చి అది సరే అన్నారు. రూతమ్మ ఆ గోడ పట్టుకుని ఏడ్చిన ఏడుపు నేనింకా మరవలేదు.

అప్పుడు మనకు మాట ఇచ్చింది ఈ దీర్ఘదర్శి అయ్యగారు ఒక్కరే. దేవదూత ఆయనకు కొండ మీద బండరాతలు చూపించాడు. బతికున్నవాళ్ళు చనిపోయినవాళ్ళ పేరున నీళ్ళలో మునిగితే వాళ్ళు కూడా రక్షణలోకి వస్తారు, పరలోకంలో కుటుంబమంతా ఒక్కచోట ఉంటుంది అని అందులో ఉందట. ఎర్రప్ప తాత మారెమ్మ ముందు పలక డప్పు కొట్టి బతికిన మనిషి. మన నాయన బాప్తిస్మం తీసుకున్నాక కూడా “నా తండ్రి యాడుండాడో” అని ఏడ్చేవాడు కదా! ఆ ఏడుపు తీర్చే దారి దొరికిందని నువ్వే అన్నావు.

పెద్దల నుంచి చిన్నవాళ్ళ దాకా వరుసలో మునగాలన్నది నియమం. ముత్తాత అయ్యాడు, తాత అయ్యాడు. ఇక అవ్వ. అవ్వ తరువాత నీ బిడ్డే. ఆ పూట దాకా ఓర్చుకోలేకపోయావా తమ్ముడూ? ఇప్పుడు ఆ బిడ్డ ఎవరిది?

నీ అక్క,
మారెక్క.

కళ్యాణదుర్గం,
జూన్ 3, 1961.

అక్కకు ప్రకాశం నమస్కారాలు.

కొంగు నోట్లో కుక్కుకున్నది నువ్వేనా? నేను చెబుదామని మీ ఇంటికి వచ్చిన సాయంత్రం బావ వాకిట్లోనే కూర్చుని, “మునకకు రానోనితో మాకేం మాటలు?” అన్నాడు. నువ్వు లోపల రాగులు విసురుతున్నావు. విసుర్రాయి ఆగింది, మళ్ళీ తిరిగింది. ఇంకేం చెప్పి పోవాలి?

ఎందుకు వచ్చేశానో విను. ఏప్రిల్లో ఏరు ఎండి ఇసుక తేలింది. ఊరంతా తాగేది ఇసుకలో తోడుకున్న చెలమల నీళ్ళే. మనిషి నిలువునా మునగాలంటే ఆ చిన్న గుంటలు చాలవని సభవాళ్ళందరం కలిసి చెలమలన్నీ ఒకటిగా తవ్వేశాం. పార పట్టినవాళ్ళలో నేనే ముందు. తెల్ల పంచె కట్టుకుని దిగి, ఎర్రప్ప తాత పేరున మునిగి లేచాను. కళ్ళు తుడుచుకుని చూస్తే ఒడ్డున ఆడవాళ్ళు ఖాళీ కుండలతో నిలబడి ఉన్నారు. నీళ్ళు బురదయ్యాయి. ముసలి ఓబమ్మ నా ముఖంలోకి చూసి అడిగింది: “ఏమప్పా, సచ్చినోళ్ళకే ఇన్ని నీళ్ళా? బతికుండేటోళ్ళను యాడికి పొమ్మంటావు?”

నేను దీర్ఘదర్శి అయ్యగారి వైపు చూశాను. ఆయనకు ఆ మాట వినబడింది. వినబడీ, “తరువాతి పేరు” అన్నారు.

అక్కా, మన తాత ఎండాకాలంలో బాటసారులకు నీళ్ళు పోసిన మనిషి. నేను ఆయన పేరు చెప్పి ఊరి గొంతులో బురద పోశాను. తాత అక్కడ ఉండి ఉంటే నా చెంప పగలగొట్టేవాడు. ఆ రోజు నుంచి మళ్ళీ మునకకు పోలేదు; ఆ బండరాతల పుస్తకం తెరిస్తే నాకు అక్షరాలు కాదు, ఆ కుండలే కనబడతాయి.

నేను యేసును విడవలేదు. సభను విడిచాను. ఈ రెండూ వేరు వేరని చెబితే ఒక్కరికీ తలకెక్కదు. ఇక్కడ శనక్కాయల మిల్లులో బస్తాలు కుట్టే పని దొరికింది. పక్కనే ఒక రేకుల గది. రూత్ నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది, నీళ్ళు ఇస్తుంది. నేను ప్రార్థనకు మోకాళ్ళూనితే గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. నువ్వు అడిగిన ప్రశ్నే ఆమె కళ్ళలోనూ ఉంది. నోరు తెరిచి అడిగినా బాగుండును. తిట్టినా బాగుండును.

తమ్ముడు,
ప్రకాశం.

గుమ్మఘట్ట,
జూలై 20, 1961.

తమ్ముడికి,

విడిచి పోయినవాళ్ళకు జాబులు రాయకూడదని సభలో కట్టు పెట్టారు. మీ బావ రాయదుర్గం సంతకు పోయారు కాబట్టి ఇది రాస్తున్నాను. నీ జవాబు పోస్టాఫీసులోనే ఉంచమని టపా పంచే లింగప్పతో చెప్పాను, ఇంటికి తెచ్చి ఇవ్వవద్దు అని.

ఓబమ్మ మాటకు నాకూ బాధ అయింది, కాలేదని అనను. ఆ సాయంత్రం నేను రెండు కుండల నీళ్ళు తేర్చి వాళ్ళింటికి తీసుకుపోయి ఇచ్చాను. ఆమె తీసుకుంది, “నువ్వు మంచిదానివే” అంది. కానీ తమ్ముడూ, ఒక పూట బురద నీళ్ళకు పరలోకాన్ని పోగొట్టుకుంటారా? నువ్వు చిన్నప్పటి నుంచి ఇంతే. కూరలో ఒక రాయి తగిలితే కంచమే తోసేసేవాడివి.

నన్ను చూడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నా ఒళ్ళో ఒక్క బిడ్డ పడలేదు. సీమంతాలకు నన్ను పిలవరు, పిలిచినా వెనక కూర్చోబెడతారు. మీ బావ తల్లి బతికున్నన్నాళ్ళూ నన్ను పేరు పెట్టి పిలవలేదు, “గొడ్డుది” అనే పిలిచింది. అయినా నేను విసుక్కోలేదు. ఈ సభలో నన్ను అక్కా అంటారు, ముందు వరుసలో కూర్చోబెడతారు. అదంతా విడిచి నేనెక్కడికి రావాలి?

ఒక మాట అడుగుతాను, కాదనకు. బిడ్డకు ఏ పేరు అనుకున్నారు? బాప్తిస్మం రోజు దాకా పేరు బయటపెట్టకూడదని మొగుడూ పెళ్ళాలిద్దరూ నోరు విప్పలేదు. ప్రార్థనలో ఊరికే “బిడ్డ, బిడ్డ” అంటుంటే నా మనసు నిండడం లేదు.

అక్క.

కళ్యాణదుర్గం,
ఆగస్టు 27, 1961.

అక్కకు,

నీ జాబు చదివాక కోపం కొంచెం తగ్గింది. నువ్వు ఓబమ్మకు నీళ్ళు తీసుకుపోయావంటే నా అక్కవే. సభ నిన్ను పూర్తిగా తినలేదు.

ఇక్కడి సంగతి చెబితే నవ్వుతావో ఏడుస్తావో. మిషన్ గుడికి మళ్ళీ పోతున్నాను. మొదటి ఆదివారమే పాస్టరు అయ్యగారు నన్ను గది లోపలికి పిలిచారు. ఇప్పుడున్నది కొత్త అయ్యగారు, వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు. కాగితాలు సర్దుకుంటూ మాట్లాడాడు.

“మీరు ప్రభు బల్లలో చేరి రొట్టె, రసం తీసుకోవాలంటే సంఘం ఎదుట నిలబడి ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళు సైతాను సభలో ఉన్నాను, అక్కడ చేసిన ప్రార్థన ప్రార్థన కాదు అని.”

“మొదటి మాట కావాలంటే చెబుతానండి. మోసపోయినాను, ఊరి నీళ్ళు చెడగొట్టినాను, తప్పు. రెండోది చెప్పలేను.”

“ఎందుకని?”

“ఆడ కూడా నేను పిలిచింది యేసునే కదండీ. బిడ్డ పోయినాక నాకు పిచ్చెత్తకుండా పట్టుకున్నది ఆయనే. అది ప్రార్థన కాదంటే ఇంక నా కాడ ఏమీ మిగలదు.”

ఆయన కాగితాలకు దారం కట్టి పక్కన పెట్టి, “నియమం అది” అన్నాడు. అక్కడా నియమమే, ఇక్కడా నియమమే! దేవుడి దగ్గరికి పోదామంటే దారి పొడవునా గేట్లు, గేటుకొక మనిషి. పోనీ నా బిడ్డ ఎక్కడుందండీ అని అడిగాను. “ప్రభువు కృపకు అప్పగించాలి” అన్నాడు. సరే, అప్పగిద్దాం. మరి గోడకు ఆ పక్క ఎందుకు అప్పగించినట్టు? అది ఆయన రాకముందు జరిగిందట, ఆయన దాన్ని గురించి చెప్పలేడట. వెనక బెంచీ మీద కూర్చుంటున్నాను. బల్ల రోజున రొట్టె నా ముందు నుంచి పోతుంది. నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

మిల్లులో రంగన్న అని ఒకడున్నాడు, ఎర్రజెండా మనిషి. “ఏమన్నా, ఒక తూరి మోసపోయింది సాల్లేదా? ఆ దేవున్నే ఇడ్సిపెట్టరాదా, పీడ పోతాది” అంటాడు. అంగడివాడు తూకంలో మోసం చేశాడని అన్నం తినడం మానుకుంటామా అన్నాను. “నీకు బుద్ధి రాదులే” అని బీడీ ఇచ్చాడు. ఈ ఊళ్ళో నాతో ప్రేమగా మాట్లాడేది వాడొక్కడే. దేవుడు లేడనేవాడు బీడీ ఇస్తాడు, దేవుడున్నాడనేవాళ్ళు రొట్టె ఇవ్వరు. ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియడం లేదు.

కొన్ని దినాలు ప్రార్థనలో ఒక్క మాట రాదు. “ఇదిగో, ఉన్నాను” అని మాత్రం చెప్పి లేస్తాను.

బిడ్డ పేరు అడిగావు. సలోమి. రూత్ పెట్టిన పేరు. ఆమెకు తెలియకుండా రాస్తున్నాను, నీ ప్రార్థనలోనే ఉంచుకో.

ప్రకాశం.

గుమ్మఘట్ట,
నవంబరు 14, 1961.

ప్రియమైన తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం. వాన రెండు పదునులు పడింది, ఏట్లో సన్నగా నీళ్ళు పారుతున్నాయి. శనక్కాయ పీకుతున్నాం. ఊడలు బాగా దిగక కాయ తక్కువే గానీ పోయినేటి మీద నయం. ఆవు ఈనింది, కోడెదూడ. మీ బావకు మోకాలి నొప్పి తగ్గింది. రూతమ్మకు ఒక రవికె గుడ్డ పంపుతున్నాను, పచ్చది, ఆమెకు ఆ రంగు బాగుంటుంది.

మీరిద్దరూ బిడ్డను గురించి ఇక దిగులు పెట్టుకోవద్దు. బిడ్డకు అంతా మంచే జరిగింది. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

ఒళ్ళు జాగ్రత్త.

అక్క.

కళ్యాణదుర్గం,
డిసెంబరు 9, 1961.

మారెక్కకు,

“మంచే జరిగింది” అంటే ఏమిటి? జరిగింది అంటున్నావు, జరుగుతుంది అనడం లేదు. ఆ మాట దగ్గర ఆగి ఆగి చదివాను. అప్పటికీ నాకు అనుమానం రాలేదు, అంత తెలివితక్కువవాణ్ణి.

నిన్న టపా లింగప్ప తన చేని శనక్కాయలు అమ్ముకోవడానికి మిల్లుకు వచ్చాడు. నన్ను చూసి, పాపం, నిజంగానే సంతోషపడి అన్నాడు: “ఏమన్నా, మీ అక్కకు కూతురు దొరికిందంట కదా! సభలో బెల్లం పంచిరి. నేను కూడా తింటి.”

నేను అర్థం కాక నిలబడితే వాడే విడమరిచి చెప్పాడు. విడిచిపోయినవాళ్ళ పిల్లలు దిక్కులేనివాళ్ళవుతారట. సభలో బిడ్డల్లేనివాళ్ళు ఆ పిల్లల పేరున మునిగితే పరలోకంలో వాళ్ళకే బిడ్డలుగా కట్టబడతారట. దసరా ముందర నువ్వు ఏట్లో దిగావట. సలోమి అని పేరు చెప్పావట.

ఆ పేరు నీకు ఎవరిచ్చారు? నా చేత్తో నేను రాసి ఇచ్చాను! ప్రార్థనకని అడిగావు, నమ్మాను. నా బిడ్డ దిక్కులేనిదా? తండ్రి బతికుండగా, తల్లి బతికుండగా, మేనత్త పోయి నాది అని రాయించుకుంటుందా? దొంగలు కూడా పాలు తాగే బిడ్డ జోలికి పోరు. ఆ ముసలాయన నీ కడుపు మంట చూసి నీకొక బొమ్మ ఇచ్చాడు, నీ చేత నా ఇల్లు దోపించాడు.

లింగప్ప గట్టిగా మాట్లాడే మనిషి. రూత్ నాకు సద్ది తెచ్చి గేటు దగ్గర నిలబడి అంతా వింది. సద్దిముంత అక్కడే దించి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించలేదు. నేను ఆమెకు ఏమని చెప్పాలో నువ్వే రాసి పంపు.

ప్రకాశం.

గుమ్మఘట్ట,
జనవరి 18, 1962.

తమ్ముడూ,

నీ జాబు చదివి, పొయ్యిలో వేసి, వేశానే అని ఏడ్చాను.

అబద్ధం ఆడాను. పేరు అడిగినప్పుడే నాకు తెలుసు ఎందుకు అడుగుతున్నానో. అయ్యగారు మీ బావను పిలిచి చెప్పారు: “బిడ్డను అట్లే వదిలేస్తే ఎవురికీ కాకుండా పోతాది. మారెక్క మునిగితే బిడ్డకు తల్లి, మారెక్కకు బిడ్డ.” మీ బావ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, ఎన్నో ఏళ్ళ తరువాత నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు.

నేను నిన్ను దోచుకోవాలని దిగలేదు. బిడ్డ చీకట్లో ఒంటరిగా ఉంటుందని భయపడ్డాను. సగం అది. మిగిలిన సగం నీకు చెప్పకుండా ఉండలేను. నీళ్ళలోంచి లేచినప్పుడు ఒడ్డున అందరూ “సలోమి అమ్మా, రా” అన్నారు. అమ్మా అని నన్ను ఎవరూ పిలవలేదు తమ్ముడూ, ఈ వయసు వచ్చేదాకా. చెల్లెళ్ళు లేరు, ఆడబిడ్డల పిల్లలను మా అత్త నా దగ్గరికి రానివ్వలేదు. ఒళ్ళంతా తడిసి, చలికి వణుకుతూ, నేను ఆ పిలుపుకే గట్టెక్కాను.

ఇది సభ చేసిన బొమ్మే అంటావు. అయి ఉండొచ్చు. ఇంటికి వచ్చాక నాకూ ఆ అనుమానం వచ్చింది. రూతమ్మ గోడ పట్టుకుని ఏడ్చింది కదా, ఆ ఏడుపు నాకెందుకు రావడం లేదు అని నన్ను నేనే అడిగాను. తల్లినయితే రావాలి కదా! అయినా ఆ పిలుపు తీసేసుకోవద్దు. తీసేస్తే నాకు ఈ ఇంట్లో మళ్ళీ పాత పేరే.

రూతమ్మ కాళ్ళు పట్టుకున్నాననుకోమను. ఆమె ఏమంటుందో రాయి. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాయి.

మారెక్క.

కళ్యాణదుర్గం,
ఫిబ్రవరి 13, 1962.

అక్కా,

నీ జాబు రూత్‌కు చదివి వినిపించాను. మధ్యలో రెండు చోట్ల నేను ఆగితే “సదువు” అంది. అయ్యాక కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. “నేను సెప్పినట్ల రాయి, నీ మాటలు కలపొద్దు” అంది. అట్లాగే రాస్తున్నాను.

“వదినా, నేను రూతును. నా బిడ్డ పేరు సెప్పి నువ్వు నీళ్ళలో దిగితివి. నాకు శానా కోపమొచ్చింది. నీ మీద, పేరు రాసిచ్చిన ఈయప్ప మీద, అందరి మీద. నీ రవికె గుడ్డ పొయ్యిలో ఎయ్యల్లని తీసినా, మళ్ళా పెట్టెలో పెట్టినా.

“ఇన్ని దినాలు నేను ఈయప్పతో మాట్లాడలేదు. ఎందుకంటే, ఈయప్ప సభ ఇడ్సి వచ్చి నా బిడ్డకు మునక లేకుండా చేసినాడని. మునక ఉంటే బిడ్డ నాకు దొరుకుతాది, లేకుంటే దొరకదు అనుకొనుంటి. ఇప్పుడు సూస్తే, ఒక్క మునకతో నా బిడ్డను ఇంకొకరికి మార్చేసినారు. సంతలో మేకపిల్లను కూడా తల్లి అరుస్తాంటే అంత బిన్నా, బిరబిరా మార్చరు. దేవుడు అట్లా చేసేటోడు కాదు వదినా. ఆయప్పకు ఎవురి బిడ్డ ఎవురో తెలీదా? మనం నీళ్ళలో దిగి సెప్పల్నా? ఆ మాట నాకు తోసినాక, మునక లేకపాయనే అనే దిగులు కూడా పోయింది. ఉంటే ఏమొచ్చింటాది, లేకుంటే ఏం పోయింది?

“నువ్వు అమ్మా అని పిలిపిచ్చుకున్న మాట సదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మీ అత్త నిన్ను అన్న మాట నాకు తెలుసు, నేను కూడా విని ఊరికే ఉంటి. పాపను మటుకు నీకియ్యను వదినా. అడగొద్దు. అయితే ఆడికి, పరలోకానికి పోయినాక నువ్వు ఎత్తుకోవద్దంటానా? మేనత్తవి, ఎత్తుకో. నీ ఒడి ఖాళీగుండాది, నాకు తెలుసు. దానికి సభ ఎందుకు, నీళ్ళెందుకు? ఈడికి ఒక తూరి రా. బస్సు ఉండాది.”

ఇక్కడికి రూత్ మాటలు. ఇక నావి.

నిన్ను దొంగ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సభ మీద కోపం మాత్రం తీసుకోను. ఇక్కడి గుడి మీద కోపమూ అట్లాగే ఉంది. సంక్రాంతి పోయింది, చలి పోయింది, అయ్యగారి నియమం మాత్రం కదలలేదు. పోయిన ఆదివారం రూత్ నాతో పాటు గుడికి వచ్చి ఆడవాళ్ళ వైపు వెనకనే కూర్చుంది. రొట్టె ఆమె ముందు నుంచి కూడా పోయింది. నాకు ఒళ్ళు మండింది. బయటికి వచ్చాక, ఇంక ఈ గుడికి రావద్దులే అన్నాను. “వాళ్ళ గుడా? పైనుండే ఆయప్పదా?” అంది. వచ్చే ఆదివారమూ పోతాం. ఇద్దరం వెనకనే కూర్చుంటాం. వాళ్ళకు సిగ్గు పుట్టేదాకా కూర్చుంటాం.

ఈ పొద్దున నేను ప్రార్థనకు మోకాళ్ళూనాను. ఆమె గోడ వైపు తిరగలేదు. వచ్చి పక్కన కూర్చుంది. నేను ఎప్పటిలాగే “ఇదిగో, ఉన్నాను” అని ఆగిపోయాను. అప్పుడు ఆమె నోరు విప్పింది. “స్వామీ, నా బిడ్డ నీ కాడ ఉండాదని నమ్ముతాండా. ఎవురు ఔనన్నా, ఎవురు కాదన్నా నమ్ముతాండా. మారెక్క వదినను కూడా సూసుకో” అంది. అంతే ప్రార్థన.

నేను కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాను. ఆమె కాసేపు కళ్ళు మూసుకునే కాచుకుంది. తరువాత ఒక కన్ను తెరిచి నన్ను చూసి, “ఏమయ్యా, ఆమెన్ అనేకి కూడా అయ్యగారిని అడగల్నా?” అంది.

అన్నాను.

నీ తమ్ముడు,
ప్రకాశం.